గెడ్డ పారుతున్నప్పుడే కొలిచి పెట్టుకోండి

ఒడిశాలో గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి వైపు ఏ కొండకైనా రాతి క్వారీయో గనో వస్తోందని తెలిస్తే ఊరి చూపంతా ఒక్క రోజు మీదే ఉంటుంది. అది ప్రజాభిప్రాయ సేకరణ రోజు. ఎవరు మాట్లాడాలి, ఎన్ని ఆటోలు కట్టాలి, భోజనాలు ఎక్కడ అన్న హడావుడితోనే నెల గడిచిపోతుంది. ఆ రోజు ముఖ్యమే, కాదనం. కానీ ఐదేళ్లు పోయాక నుయ్యి ఎండిందని ఆఫీసుకి వెళ్తే అడిగేది ఒక్కటే: ముందు నీళ్లు ఎంత లోతులో ఉండేవి? దానికి జవాబు చెప్పే కాగితం అప్పటికి ఒక్క కంపెనీ దగ్గరే ఉంటుంది, వాళ్ల ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులోని మూడో అధ్యాయం. ఊరి దగ్గర కూడా ఒక కాగితం ఉండాలంటే పని మీటింగు నోటీసుతో కాదు, క్వారీ మాట చెవిన పడ్డ రోజునే మొదలుపెట్టాలి.

మీ కొండకి మీటింగు ఉంటుందా, ఉండదా

దేశంలో పర్యావరణ అనుమతులు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నడుస్తాయి. ఆ తర్వాత దానికి చాలా సవరణలు వచ్చాయి. పెద్ద ప్రాజెక్టులు ‘ఏ’ కేటగిరీ, అవి ఢిల్లీ చూస్తుంది. మిగతావి ‘బీ’, భువనేశ్వర్‌లోని రాష్ట్ర అథారిటీ చూస్తుంది. ‘బీ1’ అయితే ఈఐఏ రిపోర్టూ ప్రజాభిప్రాయ సేకరణా ఉంటాయి. ‘బీ2’కి రెండూ ఉండవు.

రాతి క్వారీల్లో చిక్కు ఇక్కడే. లీజు 5 హెక్టార్లు దాటితే మీటింగు పెట్టాలి. అందుకే ఒకే కొండని 4.8, 4.6, 4.9 హెక్టార్ల ముక్కలుగా వేరు వేరు పేర్ల మీద తీసుకోవడం చూస్తుంటాం. అయితే ఒకే రకం ఖనిజం ఉన్న చోట ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకి 500 మీటర్ల లోపే ఉంటే వాటిని క్లస్టరుగా లెక్క కట్టాలి. కలిపి 5 హెక్టార్లు దాటితే అన్నిటికీ ఈఐఏ, మీటింగు వర్తిస్తాయి. ఇది పట్టుకోవడానికి వకీలు అక్కర్లేదు. కేంద్రం వాళ్ల పరివేష్ పోర్టల్లో ప్రతి దరఖాస్తుతో పాటు లీజు హద్దుల కేఎంఎల్ ఫైలు ఉంటుంది. దాన్ని ఫోనులో గూగుల్ ఎర్త్‌లో తెరిచి, పక్క లీజుల ఫైళ్లూ తెరిచి, స్కేలుతో అంచు నుంచి అంచుకి కొలవండి. తర్వాత కొండ మీదికి వెళ్లి హద్దు రాళ్ల దగ్గర ఫోను జీపీఎస్ చూడండి. ఐదు పది మీటర్ల తేడా ఫోనుదే, పట్టించుకోవద్దు. యాభై మీటర్లు తేడా వస్తే మాత్రం రాయి మీద ఉన్న పెయింటు నంబరుతో సహా ఫోటో తీసి పెట్టుకోండి.

ఊరి కొలతలు

ఒక లాంగ్ బుక్కు, 30 మీటర్ల టేపు, వాచీ, బకెట్టు చాలు. బుక్కులో పేజీలకి ముందే నంబర్లు వేసుకోండి. కొలిచిన ప్రతిసారీ తేదీ, టైము రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు వార్డు మెంబరో, ఆశా కార్యకర్తో, బడి మాస్టారో అయితే మంచిది. ఖాళీ గీతలు వదలొద్దు, కొట్టేయండి.

నూతులతో మొదలుపెట్టండి. ఐదారు చాలు, కానీ ఎంపికలో తెలివి ఉండాలి. రెండు క్వారీకి అర కిలోమీటరు లోపల, రెండు కిలోమీటరు దూరంలో. మిగతా ఒకటి రెండు మాత్రం కొండకి అవతలి వైపు, వేరే గెడ్డ (కొండవాగు)లోకి నీళ్లు దిగే చోట, మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండాలి. చాలామంది ఈ దూరపు నూతిని వదిలేస్తారు, అక్కడే ఓడిపోతారు. వానలు లేని ఏడాది నూతులన్నీ దిగుతాయి. కంపెనీ ‘కరువండీ’ అంటుంది, అధికారి తల ఊపుతాడు. అవతలి నుయ్యి ఒక మీటరు దిగి, ఇవతలి నూతులు నాలుగు మీటర్లు దిగాయని బుక్కు చూపించగలిగితే ఆ మాట చెల్లదు.

నూతి వర మీద ఒక చోట ఎర్ర పెయింటుతో గీత పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి. టేపు చివర చిన్న బరువు కట్టి, తెల్లవారుజామున, ఇంకా ఎవరూ నీళ్లు తోడకముందే దించాలి. మోటారు వేసి ఆపిన గంటకి కొలిస్తే ఆ అంకెకి విలువ లేదు. జనవరి, ఏప్రిల్ చివర లేదా మే, ఆగస్టు, నవంబరు, ఈ నాలుగు సార్లు సరిపోతుంది. కేంద్ర భూగర్భ జల మండలి తన బావుల్ని కొలిచే నెలలూ ఇవే కాబట్టి తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బోరింగులో టేపు దిగదు. దానికి 40 సార్లు కొడితే ఎన్ని లీటర్లు వచ్చాయో రాసుకోండి.

తర్వాత గెడ్డ. ఈఐఏ కొలతలు చాలావరకు వానాకాలం కాకుండా ఒక్క సీజను తీస్తారు, ఎక్కువగా మార్చి నుంచి మే. మన కొండగెడ్డలు చాలావాటిలో అప్పటికి నీటి చుక్క ఉండదు. ఎండిన గెడ్డని చూసి ‘లీజు ప్రాంతంలో నీటి ప్రవాహాలు లేవు’ అని రాసేస్తారు. అది అబద్ధం అనడానికి లేదు, అలాగని నిజమూ కాదు. కాబట్టి జులై నుంచి డిసెంబరు దాకా నెలకోసారి మీరు కొలవండి. తిన్నగా పారే 10 మీటర్ల జాగా చూసుకుని పైనుంచి ఒక కమలాపండు వదలండి. అది దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. మూడు సార్లు వదిలి సగటు సెకన్లు తీయండి. గెడ్డ వెడల్పు 2 మీటర్లు, మూడు నాలుగు చోట్ల చూసిన సగటు లోతు 15 సెంటీమీటర్లు, పండుకి 25 సెకన్లు పట్టిందనుకుందాం. వేగం సెకనుకి 0.4 మీటరు. 2ని 0.15తో, దాన్ని 0.4తో, చివరికి 0.8తో గుణిస్తే 0.096 ఘనపు మీటరు, అంటే సెకనుకి 96 లీటర్లు. అడుగున నీరు పైన కంటే మెల్లగా నడుస్తుంది కాబట్టే ఆ 0.8. ధార సన్నబడ్డాక రాయి అడ్డం పెట్టి బకెట్టు పట్టండి. 15 లీటర్ల బకెట్టు 6 సెకన్లలో నిండితే సెకనుకి రెండున్నర లీటర్లు.

నీటి నాణ్యతకి ముందు పంచాయతీలో ఉన్న జల్ జీవన్ మిషన్ ఫీల్డ్ కిట్టు వాడుకోండి. ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు, గట్టిదనం చూడొచ్చు. అందులో తేడా కనిపిస్తే జిల్లా నీటి పరీక్షల ల్యాబుకి పంపండి. బోరింగు నీళ్లయితే ఐదు నిమిషాలు కొట్టి వదిలేశాక పట్టాలి. లీటరు సీసాని అదే నీటితో మూడుసార్లు కడగాలి. లోహాల పరీక్షకి వేరే సీసా, అందులో ల్యాబు వాళ్లే నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసి ఇస్తారు, దాన్ని కడగొద్దు. క్రిముల పరీక్షకి స్టెరిలైజు చేసిన సీసా, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి.

క్వారీ ఊళ్లలో నైట్రేటు మీద ప్రత్యేకంగా కన్నుండాలి. పేలుళ్లకి వాడే మందులో అమ్మోనియం నైట్రేటు ఉంటుంది. పూర్తిగా పేలని మందు వానకి కరిగి గెడ్డలోకి దిగుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే యూరియా నుంచీ, పెంటకుప్పల నుంచీ కూడా నైట్రేటు వస్తుంది. క్వారీ రాకముందు అంకె లేకపోతే తప్పంతా మీ పొలాల మీదికే తోస్తారు.

ఇళ్ల గోడలు వేసవిలోనే ఫోటో తీయండి. పగులు ఉంటే రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. మధ్యలో సన్నటి అద్దం ముక్కని సిమెంటుతో అడ్డంగా అతికించండి. గోడ కదిలితే అది విరుగుతుంది. పేలుడు అదురుకి గనుల భద్రత డైరెక్టరేటు 1997లో హద్దులు పెట్టింది. మామూలు ఇళ్ల దగ్గర అదురు ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపైతే నేల కదిలే వేగం సెకనుకి 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15. కొలిచే మిషను కంపెనీ దగ్గరే ఉంటుంది. దాన్ని ఆఫీసు గుమ్మంలో కాదు, క్వారీకి దగ్గరి ఇంటి పునాది పక్కన పెట్టాలని అడగండి.

దుమ్ముకి చిన్న సెన్సర్లు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మంచు, తేమ ఉన్న పొద్దుల్లో అవి ఎక్కువ చూపిస్తాయి. వాటి అంకెని సాక్ష్యంగా ఎవరూ తీసుకోరు గానీ ఏ గంటలో దుమ్ము లేస్తోందో తెలుసుకోవడానికి పనికొస్తాయి. శబ్దానికి ఫోను యాప్ కూడా అంతే.

ఇంకొకటి ఉంది, అది ఏ మిషనుకీ దొరకదు. రిపోర్టులో జీవనాధారం అంటే వరి, రాగి, కూలి. అడ్డాకు, కొండచీపుళ్లు, చింతపండు, ఇప్పపువ్వు, జీడి లెక్కలోకి రావు. ఏ ఇల్లు ఏ నెలలో కొండ మీంచి ఎన్ని మోపులు దించింది, సంతలో ఎంతకి అమ్మింది, ఒక్క ఏడాది రాసి పెట్టండి. ఆడవాళ్లని అడిగితేనే సరైన లెక్క వస్తుంది.

రిపోర్టు చదవడం

మీటింగుకి కనీసం 30 రోజుల ముందు రెండు పత్రికల్లో ప్రకటన రావాలి. అప్పటికి ముసాయిదా రిపోర్టు కలెక్టరు ఆఫీసు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీల్లో చూడ్డానికి అందుబాటులో ఉండాలి. సారాంశం ఇంగ్లీషులో, ఒడియాలో ఇస్తారు, తెలుగులో ఇవ్వరు. ఒడియా మాట్లాడ్డం వచ్చి చదవడం రాని పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎక్కువ, సవర ఊళ్లలో ఇంకా ఎక్కువ. ఒడియా బడిలో చదివే పిల్లల్ని కూర్చోబెట్టి రెండు సాయంత్రాలు గట్టిగా చదివించండి.

సారాంశంతో మొదలుపెట్టొద్దు, అంతా పచ్చగానే కనిపిస్తుంది. నేరుగా మూడో అధ్యాయానికి వెళ్లండి. అందులో ఉన్నది ఇప్పటి స్థితి. గనుల రిపోర్టుల్లో అధ్యయనం లీజు చుట్టూ 10 కిలోమీటర్లు ఉండాలి. గాలి కొలిచే కేంద్రాల్లో ఒకటి, గాలి ఎక్కువగా ఏ దిక్కుకి వీస్తుందో ఆ దిక్కున, లీజుకి 500 మీటర్ల లోపల పెట్టాలి. పటంలో ఆ కేంద్రం ఎక్కడుందో, గాలి దిక్కుల చక్రం (విండ్ రోజ్) ఏ దిక్కు చూపిస్తోందో పక్కపక్కన పెట్టి చూడండి. గాలి నైరుతి నుంచి వస్తుంటే దుమ్ము తినేది ఈశాన్యపు ఊరు. కేంద్రం నైరుతిలో పెడితే అంకెలు ఎప్పుడూ ముద్దుగానే ఉంటాయి. గాలి లెక్క ఏ వాతావరణ కేంద్రానిదో కూడా చూడండి. తీరంలో తీసిన గాలిని కొండ లోయకి అంటగట్టే రిపోర్టులు కొల్లలు.

కాపీ కొట్టిన రిపోర్టుని పట్టడం తేలికే. వేరే జిల్లా ఊరి పేరు ఎక్కడో మిగిలిపోతుంది. జంతువుల పట్టికలో మన కొండల్లో లేనివి ఉంటాయి, ఉన్న ఎలుగుబంటి ఉండదు. నాలుగో అధ్యాయంలో ప్రభావాలు, ఆరులో కొలతల ప్రణాళిక, పదిలో ఈఎంపీ అంటే పర్యావరణ నిర్వహణ ప్రణాళిక, పన్నెండులో రిపోర్టు రాసిన సంస్థ వివరాలు ఉంటాయి. అసలు పరీక్ష పదో అధ్యాయానిది. అక్కడ ప్రతి మాటనీ అంకెతో నిలదీయండి.

‘రోడ్డుకి నీళ్లు చల్లుతాం’ అని ఉంటుంది. 2 కిలోమీటర్ల మట్టిరోడ్డు, 6 మీటర్ల వెడల్పు, అంటే 12,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి అర లీటరు చల్లినా ఒకసారికి 6,000 లీటర్లు. ఏప్రిల్ ఎండలో రోజుకి ఐదుసార్లు చల్లాలంటే 30,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఆరు ట్రిప్పులు. ఈఎంపీలో ఒక ట్యాంకరు, ఒక డ్రైవరు, డీజిల్ ఖర్చు ఉన్నాయా? ఆ నీళ్లు ఎక్కడివి? మీ బోరు నీళ్లేనా?

‘వాననీరు గుంటలో నిలిపి వదులుతాం’ అని ఇంకో మాట. 4 హెక్టార్ల తవ్వకం మీద ఒక జోరు వాన 60 మిల్లీమీటర్లు పడి, అందులో 60 శాతం పారితే 1,440 ఘనపు మీటర్ల నీరు. 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, రెండున్నర లోతు ఉంటేనే పడుతుంది. రిపోర్టులో 10, 5, 2 అని కనిపిస్తే అది మొదటి పావుగంటకే పొంగి బూడిద రంగు నీళ్లు మడుల్లోకి దిగుతాయి. సరైన కొలతతో కట్టినా జూన్‌కి ముందు పూడిక తీయకపోతే ఫలితం అంతే.

పచ్చని పట్టీ సంగతి మరీ సరదా. లీజు అంచున 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలి, అక్కడ మొక్కలు నాటతామంటారు. ఆగస్టులో నాటి ఫోటో తీస్తారు, ఏప్రిల్‌కి మేకలు తినగా మిగిలినవి ఎండిపోతాయి. రెండు మీటర్లకి ఒకటి చొప్పున హెక్టారుకి 2,500 మొక్కలు పడతాయి. నాటినవి కాదు, రెండో వేసవి దాటి మేలో బతికున్నవి ఎన్నో లెక్కపెట్టి చెప్పాలని షరతు అడగండి. టేకు లాంటి ఆకు రాల్చే చెట్లు దుమ్ము ఎక్కువగా లేచే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యే బోసిగా నిలబడతాయి. మామిడి, నేరేడు, పొగడ లాంటివి అడగండి.

మీటింగు రోజు, పల్లిసభ రోజు

కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటుకి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. కోరం లేదు, కాబట్టి మీరు వెళ్లకపోయినా మీటింగు జరిగిపోతుంది. తెలుగులోనో సవరలోనో మాట్లాడొచ్చు, కానీ రాసుకునేవాడికి అర్థం కాకపోతే అది మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ఉండదు. అందుకే ప్రతి మాటా ఒడియాలోనో ఇంగ్లీషులోనో కాగితం మీద కూడా ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ‘మా ఊరికి నష్టం’ అని రాస్తే ‘గమనించాం’ అని జవాబు వస్తుంది. ‘ఫలానా పేజీలో గాలి కేంద్రం నైరుతిలో ఉంది, ఈశాన్యంలోని మా ఊళ్లో ఎందుకు కొలవలేదు’ అని రాస్తే జవాబు రాయక తప్పదు. చివర్లో మినిట్స్ చదివి వినిపించి అదే రోజు సంతకం చేయాలి. భోజనాల వైపు కదలకుండా అది వినేవాళ్లు నలుగురుండాలి.

అటవీ భూమి ఉంటే వ్యవహారం వేరు. అక్కడ 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ తీర్మానం కావాలి, కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. నియమగిరి కొండ మీది బాక్సైటు గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు ఈ నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. ఆ వేసవి తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లిసభలు (ఒడిశాలో ఊరి గ్రామసభలు) కూర్చుని అన్నీ వద్దన్నాయి. ఆ బలం కాగితంలోనే ఉంది కాబట్టి ఖాళీ కాగితం మీద హాజరు సంతకాలు ఇవ్వొద్దు. తీర్మానం రిజిస్టరులో అక్కడే రాయించి, కింద ఖాళీ కొట్టేసి, ఆ సాయంత్రమే జిరాక్సు తీసుకోండి.

అనుమతి వచ్చాక

అసలు పని ఇక్కడ మొదలై ఇరవై ముప్ఫై ఏళ్లు సాగుతుంది. అనుమతి లేఖ ప్రతి పంచాయతీకి రావాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు బోర్డు మీద ఉంచాలి. దాని మీద అప్పీలు చేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి 30 రోజుల్లో వెళ్లాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. ఒడిశాకి కోల్‌కతా బెంచి. మహారాష్ట్రలోని సిరోంచా, రాజూరా వైపు ఉన్నవాళ్లకి పుణె బెంచి.

ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ షరతుల అమలు రిపోర్టు ఇవ్వాలి. అది రహస్య పత్రం కాదు. సెప్టెంబరు 30 లోపు పర్యావరణ నివేదిక అంటే ఫారం ఐదు కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. పరివేష్‌లో దొరక్కపోతే 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. చేతికొచ్చాక గాలి పట్టిక చూడండి. దేశ ప్రమాణం 24 గంటలకి పీఎం 10 (గాలిలోని సన్న దుమ్ము) ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం 2.5కి 60. అన్ని నెలలూ 58 నుంచి 64 మధ్యే ఉంటే, జులై వానలోనూ ఏప్రిల్ ఎండలోనూ ఒకటే అంకె ఉంటే, పోయిన రిపోర్టు దశాంశాలే మళ్లీ కనిపిస్తే, తేదీలతో సహా రాసి మండలి ప్రాంతీయ ఆఫీసుకీ, భువనేశ్వర్‌లోని కేంద్ర మంత్రిత్వ శాఖ ప్రాంతీయ ఆఫీసుకీ పంపండి. క్రషరు ఉంటే ప్రమాణం వేరు. యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల మధ్య కొలిచినప్పుడు దుమ్ము 600 మైక్రోగ్రాములు దాటకూడదు, గాలి ఆపే గోడ, నీటి చల్లడం, గట్టి రోడ్డు ఉండాలి. రాత్రి క్రషరు ఆడుతుంటే పగటి కొలతకి అర్థం లేదని కూడా రాయండి.

గొడవ పుట్టిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కి దరఖాస్తు వేయాలి, నష్టపరిహారానికైతే ఐదేళ్లు గడువుంది. అప్పుడు పనికొచ్చేది మీ లాంగ్ బుక్కే. కొలిచేవాళ్లు చదువుకో పెళ్లికో వేరే ఊరు పోతారు. కాబట్టి ఎప్పుడూ ఇద్దరు నేర్చుకుంటూ ఉండాలి. ప్రతి పేజీ ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి, చెదలు బుక్కుని వదలవు.

ఏడాదికోసారి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తెరిచి గుంట హద్దు రాయి దాటిందేమో, రాతిపొడి గుట్ట గెడ్డలోకి జారిందేమో చూడండి. పైమట్టిని వేరే గుట్టగా పోశారా లేదా అన్నది మొదటి ఏడాదే చూడాలి. రాతి వ్యర్థం కింద పడ్డ మట్టి మళ్లీ చేతికి రాదు, అది లేనిదే మూసేసిన గుంట మీద గడ్డి కూడా మొలవదు. లీజు ముగిసే ఏడాది గుంట చుట్టూ కంచె, మెట్లుగా దిగిన అంచులు, పోగేసిన పైమట్టి ఇవన్నీ మూసివేత ప్రణాళికలో రాసినట్టు ఉన్నాయో లేదో చూశాకే పంచాయతీ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాలి. గుంటలో నిలిచిన నీళ్లని చేపలకో పొలాలకో వాడుకుంటామంటే ముందు లోహాలకీ నైట్రేటుకీ ల్యాబులో పరీక్ష చేయించండి.